తప్పు బాక్టీరియాదా?

మన కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలలో కిటికీ ప్రక్కన ఉన్న ఉప్పునీటి తొట్టిని ఎరుగని విద్యార్థి లేడు. గత రంజాన్ సెలవుల అనంతరం అందులోని నీరు బియ్యం కడిగిన నీటివలె తెల్లబడింది. మరునాటి ఉదయానికి రెండు క్లౌన్ చేపలతో సహా నాలుగు చేపలు చనిపోయాయి. "నీళ్లలో క్రిములు పుట్టాయి, ఆ తొట్టి తీసివేయండి" అన్న మాట అప్పటినుండి వినబడుతూనే ఉంది. ఆ స్థలంలో బీరువాలు వేయవచ్చునన్న సూచన కార్యవర్గం వారి పరిశీలనలో ఉన్నదని కూడ విన్నాము. దానితో మేము ఏకీభవించలేము. నీరు తెల్లబడినది బాక్టీరియా వల్లనే, నిజం. కాని వాటిని అంతగా పెంచినవారము మేమే.

పగడపు దిబ్బల చుట్టూ ఉండే సముద్రజలంలో నైట్రేటు, ఫాస్ఫేటు అత్యల్పం. తొట్టిలో అట్లు కాదు. చేపల మేత, విసర్జనం కలిసి ఆ రెండూ పేరుకొని, నాచు పెరిగి పగడాలను కప్పివేస్తుంది. (మన తొట్టిలోనివి మెత్తని పగడాలే. దిబ్బలు కట్టే గట్టి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు గనుక వాటి ప్రసక్తి లేదు.) నీటిలో కొద్దిగా కర్బన పదార్థం కలిపితే బాక్టీరియా దానిని తిని పెరుగుతూ, తమ దేహనిర్మాణానికి నీటిలోని నత్రజనిని, భాస్వరాన్ని గ్రహిస్తాయి. పెరిగిన బాక్టీరియాను స్కిమ్మర్ అనే పరికరం నురుగుతో పాటు వెలుపలికి తోసివేస్తుంది. ఇదీ ఉపాయం. విదేశాలలో ఇందుకు వోడ్కా పోసేవారు చాలమంది ఉన్నారు. మేము సిర్కా పోస్తాము. కారణం ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. అయితే నూటికి 40 పాళ్ల వోడ్కా 1 మిల్లీలీటరులో ఉన్న కర్బనం, నూటికి 5 పాళ్ల సిర్కా సుమారు 8 మిల్లీలీటర్లలో ఉంటుంది. ఒకదాని కొలతను మరొకదానికి వాడితే లెక్క ఎంత తప్పుతుందో ఊహించవచ్చు.

మా లెక్క తప్పినది మరొక చోట. 200 లీటర్ల ఈ తొట్టికి రోజుకు 10 మి.లీ. సిర్కా పోసేవారము. సెలవులలో తొమ్మిది రోజులు ఎవరూ పోయలేదు. మేత మాత్రం అటెండరు గారు తప్పక వేశారు. తిరిగివచ్చిన రోజున, మానిన రోజుల బాకీ తీర్చుదామని 90 మి.లీ. ఒకేసారి పోశాము. తప్పిన ఉపవాసాలను తరువాత ఖజాగా తీర్చుకుంటాము గాని, సిర్కాకు ఆ నియమం వర్తించదు.

25 డిగ్రీల వేడిమి వద్ద లీటరు సముద్రజలంలో కరిగి ఉండగల ప్రాణవాయువు సుమారు 6.8 మిల్లీగ్రాములు, అనగా తొట్టి మొత్తానికి 1.4 గ్రాములకు మించదు. మేము పోసిన సిర్కాలోని ఆమ్లం 4.5 గ్రాములు. అది పూర్తిగా వినియోగం కావడానికి 4.8 గ్రాముల ప్రాణవాయువు కావలెను. బాక్టీరియా కొంత కర్బనాన్ని తమ దేహంలో నిలుపుకొన్నా, మిగిలిన అవసరం తొట్టి భరించలేనిదే. గాలి నిరంతరం కలుస్తూ ఉంటే ఆ లోటు కొంత తీరేది. ఆ రాత్రి కరెంటు పోయి పంపు, స్కిమ్మర్ రెండూ ఆగిపోయాయి. వెలుతురు లేనప్పుడు నాచు, పగడాలు కూడ ప్రాణవాయువును ఇవ్వవు, తీసుకొంటాయి. చేపలు రోగంతో కాదు, ఊపిరాడక చనిపోయాయి.

క్రిమిసంహారక మందు పోయవలెనని అన్నవారికి ఒక మాట. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే మేలైన బాక్టీరియా కూడ ఆ రాళ్లమీదనే ఉన్నది. మందు దానిని కూడ చంపవచ్చు. అప్పుడు అమ్మోనియా పెరిగి మిగిలిన చేపలు కూడ దక్కవు. నీరు తెల్లబడిన వెంటనే సిర్కా మానాలి, గాలి బాగా ఆడించాలి, మేత తగ్గించాలి, కొంత నీరు మార్చాలి. మేము ఇంతే చేశాము. నాలుగవ రోజుకు నీరు తేరుకొంది. అతినీలలోహిత దీపం కొనవలెనని మాలో కొందరి ఆశ. అది నీటిలో తేలే బాక్టీరియాను తగ్గిస్తుంది గాని, ఎక్కువ పోసిన చేతిని ఆపలేదు.

కోస్తా జిల్లాలలో రొయ్యల రైతులు చెరువులో మొలాసిస్ చల్లి బాక్టీరియా చేత ఇటువంటి పనే చేయిస్తారు. రాత్రివేళ ఏరేటర్ ఆగితే ఏమవుతుందో వారికి తెలుసు. రేపు ఆ చెరువులకు ఉద్యోగానికి పోయే మన విద్యార్థి ఈ పాఠాన్ని రెండు వందల లీటర్లలో నేర్చుకోవడం మంచిదా, రెండెకరాలలో నేర్చుకోవడం మంచిదా, కార్యవర్గం వారే ఆలోచించవలెను. మేము కోరేది పెద్ద ఖర్చు కాదు: కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ గాలిపంపు ఒకటి, నైట్రేటు పరీక్ష సామగ్రి ఒకటి. అవి వచ్చేవరకు కొత్త చేపలు వద్దని మేమే అంటున్నాము.

ప్రస్తుతం రోజుకు 3 మి.లీ. మాత్రమే పోస్తున్నాము. పోయని రోజున రిజిస్టరులో సున్న వేసి సంతకం చేస్తున్నాము.