బెణుకేలే అనుకోవద్దు!

బండి మీంచి జారి, అరచేయి ఆనించి పడ్డారు. మణికట్టు కాస్త వాచింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. 'బెణుకేలే' అని ఊరుకుంటాం. మర్దన చేయించుకునేవాళ్లూ ఉన్నారు!

ఓసారి బొటనవేలు పైకెత్తండి. దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పెడుతోందా? జీడిపప్పు ఆకారంలో ఉండే స్కెఫాయిడ్ ఎముక విరిగిందేమోనని అనుమానించాల్సిందే. సన్నటి పగులు మొదటి ఎక్స్‌రేకు చిక్కకపోవచ్చు. అందుకే చేయి కదలకుండా కట్టు వేసి, 10-14 రోజులకు మళ్లీ తీస్తారు. ఎమ్మారై అయితే ముందే పట్టేస్తుంది.

ఈ ఎముకకు రక్తం చాలావరకు వేళ్ల వైపు నుంచి వెనక్కి వస్తుంది. నడుమ విరిగితే మోచేతి వైపు ముక్కకు రక్తం అందక, అది చచ్చుబడిపోవచ్చు. పగులు పక్కకు జరగకపోతే సాధారణంగా పిండికట్టు చాలు. జరిగితే తల లేని సన్నటి స్క్రూ బిగిస్తారు. నెలల తరబడి అతుక్కోకపోతే మాత్రం తుంటి దగ్గర్నుంచో, ముంజేతి నుంచో ఎముక ముక్క తీసి పెట్టాల్సి వస్తుంది.