తక్కువైంది తెలివి కాదు, చేతిలో డబ్బు



"ట్రైబల్ పిల్లలకు చదువు ఎక్కదు" అంటారు. వినీ వినీ మనమే నమ్మేస్తున్నాం. ఇక ఆపుదాం.

ఆర్థిక శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం తెలిసిన ముల్లైనాథన్, షఫీర్ వాళ్లు తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు, కోత తర్వాత పరీక్షలు పెట్టారు. ఆ పరిశోధన 2013లో అచ్చయింది. డబ్బుకు కటకటగా ఉన్నప్పుడు తక్కువ వచ్చిన మార్కులు, పంట డబ్బులు చేతికొచ్చాక వాళ్లకే పెరిగాయి. మనిషి మారలేదు, బెంగ తగ్గింది. అంతే!

మనమేమో స్కాలర్‌షిప్ పడక, మెస్ బిల్లు, ఇంటి దగ్గర అప్పు తలుచుకుంటూ పరీక్ష రాస్తున్నాం. మార్కులు తగ్గితే మన పుట్టుకను అంటారా? "మోటివేషన్ క్లాసు పెడతాం" అంటారా?

క్లాసు తర్వాత పెట్టండి సార్. ముందు స్కాలర్‌షిప్ టైముకు వెయ్యండి. అప్పుడు కొలవండి మా తెలివి.