తీర్పులో కనపడని తల్లి

విదేశీ దత్తతలకు కోర్టుల జాప్యమే ఆటంకమని వాదించిన పెద్దలున్నారు. వారి కోరిక నెరవేరింది. 2021 సవరణ చట్టం ప్రకారం 2022 సెప్టెంబరు 1 నుండి దత్తత ఉత్తర్వులిచ్చే అధికారం న్యాయమూర్తి నుండి జిల్లా మేజిస్ట్రేటుకు మారింది. సంతకం చేసే చెయ్యి మారింది, సరే. కాగితం వెనుక కథ మారిందా అని నేనడుగుతున్నాను.

విదేశీ దత్తతలకు కట్టుదిట్టమైన నియమాలను సుప్రీంకోర్టు 1984లోనే, లక్ష్మీకాంత్ పాండే కేసులో విధించింది. అయినా 1999లోనూ, 2001లోనూ నాటి ఆంధ్రప్రదేశ్‌లో ఏం బయటపడింది? లంబాడీ తండాల్లో ఆడశిశువులను కొద్దిపాటి రూకలకు కొని, విదేశీ దత్తతలకు చేరవేసిన వ్యాపారం! కాగితాల మీద మాత్రం తల్లులు తమంత తామే బిడ్డలను వదులుకున్నారు.

అప్పగించిన తల్లి మనసు మార్చుకొనడానికి 2015 బాల న్యాయ చట్టం రెండు నెలల గడువిచ్చింది. మంచిదే. ఆ రెండు నెలల్లో ఆమెకు కూలి దొరుకుతుందా? ఆకలి చేయించిన సంతకాన్ని అంగీకారమంటే నేనొప్పుకోను.

నేను దత్తతకు విరోధిని కాను. ఎవరూ లేని బిడ్డకు ఏ దేశంలో ఇల్లు దొరికినా మేలే. కాని ముద్ర వేసేముందు అధికారి ఒక్కటి విచారించాలి: ఈ తల్లికి తిండి ఉంటే బిడ్డను వదులుకునేదా? అది విచారించనంతకాలం ఆ ఉత్తర్వు క్రయదస్తావేజుకు నకలే.