కోటిపల్లి రైలు బస్సును తిరిగి నడపాలని వినతి

రైల్వే డివిజనల్ ఉన్నతాధికారి గారికి, కోటిపల్లి, చుట్టుపక్కల ఊళ్ల ప్రయాణికులు విన్నవించుకునేది.

అయ్యా,

కాకినాడ నుంచి మా ఊరికి 45 కిలోమీటర్ల రైలు మార్గం 1928లో వేశారు. పన్నెండేళ్లు తిరగకముందే, 1940లో, యుద్ధ అవసరాలకని పట్టాలు ఊడదీసి వేరేచోటికి పట్టుకుపోయారు. యుద్ధం ముగిసింది, పట్టాలు మాత్రం తిరిగి రాలేదు. అరవై ఏళ్లు ఎదురుచూశాక, 2004లో మళ్లీ బండి కూత విన్నాం.

నడిచింది ఒంటి పెట్టె రైలు బస్సు. గేటు రాగానే ఆగేది. సిబ్బంది దిగి గేటు వేసేవారు. బండి దాటి నిలబడితే, గేటు తీసి పరుగున వచ్చి ఎక్కేవారు. ఆ ఆలస్యానికి మేమెన్నడూ విసుక్కోలేదు. ముక్తేశ్వరం వైపు నుంచి పంటు మీద గోదావరి దాటి, చంకలో బిడ్డతో, చేతిలో ఆసుపత్రి కాగితాలతో వచ్చే తల్లిని కాకినాడ పెద్దాసుపత్రికి అంత చవకగా చేర్చే దారి ఇంకొకటి లేదు. కాలేజీ పిల్లలు, ద్రాక్షారామ భీమేశ్వరుడి దర్శనానికి వెళ్లే ముసలివాళ్లు కూడా దాన్నే నమ్ముకున్నారు.

2020లో కరోనా వచ్చి బండి ఆగింది. దేశమంతా రైళ్లు కదిలాయి, మాది కదల్లేదు. ఇప్పుడు పట్టాల మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగింది, ప్లాట్‌ఫారం మీద ధాన్యం ఆరబోసుకుంటున్నారు. ఆదాయం చాలదనే మాట మా చెవిన పడుతోంది. వేళకు అందని బండికి టిక్కెట్లు ఎలా తెగుతాయి? పొద్దున్నే కాకినాడ చేర్చి, సాయంత్రం తిరిగి తెచ్చే బండిని ఒక్క ఏడాది నడిపి, ఆ తర్వాత లెక్క చూడండి.

2000-01లో మంజూరైన కోటిపల్లి-నరసాపురం మార్గానికి గౌతమీ గోదావరిలో వంతెన స్తంభాలు లేచాయి. దివంగత లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు కోనసీమకు రైలు కావాలని తపించారు. రేపు ఆ వంతెన మీదుగా వచ్చే రైలు సాగవలసింది ఈ పట్టాల మీదే కదా. 2027లో గోదావరి పుష్కరాలు. మా రేవుకు వచ్చే జనం రోడ్డు మీద పట్టరు.

కనుక పుష్కరాలకు ముందే రైలు బస్సునో, రెండు మూడు పెట్టెల బండినో ఉదయం, సాయంత్రం నడపాలని, స్టేషన్‌లో మంచినీళ్లు, దీపాలు, మరుగుదొడ్డి బాగుచేయించాలని, తమ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
కోటిపల్లి, పరిసర గ్రామాల ప్రయాణికులు
(సంతకాలు, వేలిముద్రలు జతపరచడమైనది)