దుఃఖమునకు రంగస్థలము

సోదరీమణులారా! గతమాసమున నొకనాడు మధ్యాహ్నపు పనులు ముగించుకొని, మా చీడికాడ యింట వీధిలోని నలుగురాడువారము కూడి, టీవీలో 'మయూరి' చిత్రమును మరల చూచితిమి. 1985లో సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన యీ చిత్రమును మీలో ననేకులు చూచియే యుందురు. కాలు లేకున్నను నాట్యమాడినదని ఆ నటి ధైర్యమును మనమందరము పొగడితిమి. ఆమె దుఃఖమును మాత్రము చూడకయే లేచి వచ్చితిమి.

ముంబయి నర్తకి సుధాచంద్రన్, ఇరువదేండ్లు నిండకమునుపే, 1981లో తిరుచిరాపల్లి చెంత బస్సు ప్రమాదమున గాయపడెను. పుండు చెడుటచే కుడికాలు తీసివేయవలసి వచ్చెను. జయపురమున వైద్యులు సేఠీగారును, శిల్పి రామచంద్రశర్మగారును రూపొందించిన రబ్బరు పాదము నామె ధరించెను. చెప్పులు లేక నడచుటకును, నేలపై గొంతుక కూర్చుండుటకును అనువైన పాదమది. దానితో నాట్యమును మరల నభ్యసించి, 1984లో రంగస్థల మెక్కెను.

పిమ్మట తన కథ చిత్రమగునప్పుడు ఆ పాత్రను తానే ధరించెను. అనగా, పోయిన కాలిని దీపముల యెదుట, పరుల నడుమ, మరల పోగొట్టుకొనెను, మరల నేడ్చెను. ఆ నటనకు జాతీయ పురస్కారములలో జ్యూరీవారి ప్రత్యేక బహుమానము లభించెను.

ఇట్టి పని యేల? శోకార్తులకు నాట్యము విశ్రాంతి నొసగునని భరతముని నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయముననే చెప్పెను. భవభూతి ఉత్తరరామచరితమున, కడపటి యంకమందు, రాముడు సీత కథను నాటకముగా చూచి మూర్ఛిల్లును. అతనిని తేర్చుటకు సీతయే వచ్చును. కన్నులార చూచిన దుఃఖమే తీరమునకు చేరునని కవి హృదయము కాబోలు.

మా మాట యొకటి చెప్పెదము. నాలుగేండ్ల క్రిందట మా చిన్న కుమార్తె గతించెను. మేము నొచ్చుకొందుమని నాటినుండి ఇంట నెవ్వరును దాని పేరెత్తరు. మా యత్తగారు దాని పరికిణీలను పెట్టె యడుగున దాచిరి. అది దయయే, కాని ఆ దయక్రింద మా దుఃఖమునకు నోరు లేకపోయెను. ఆనాడు తెరమీది బాలిక తన కాలికై విలపింపగా, ముందుగా నేడ్చినవారు మా యత్తగారే. చిత్రము ముగియక మునుపే లేచిపోయి, ఆ పెట్టె తెరచి, ఒక పరికిణీని మా యొడిలో నుంచిరి. దీపములు పెట్టు వేళవరకు దాని యల్లరియే చెప్పుకొంటిమి. ఏడ్చితిమి, నవ్వితిమి గూడ.

కావున సోదరీమణులారా, మీ యింట దుఃఖమున్నయెడల దానిని పెట్టె యడుగున దాచకుడు. అంగవైకల్యముగల బాలిక యున్నయెడల, చుట్టముల కంటబడనీయక లోపల నుంచకుడు. ధైర్యము చెప్పుటకు ముందు, ఆమె చెప్పునది వినుడు.