బీరువాలోని కెమెరాకు చుక్కలు కనబడవు



2020 డిసెంబరు 21 సాయంత్రం గురుడు, శని ఆకాశంలో ఒకదాని పక్కన ఒకటి కనిపించాయి. వాటి మధ్య ఎడం డిగ్రీలో పదో వంతు మాత్రమే. బళ్లు మూసి ఉన్న రోజులవి. ఫొటో తీసి పంపుతానని పిల్లలకు మాట ఇచ్చి, బడి కెమెరాను కోరుట్లలోని మా డాబా మీదికి తీసుకువెళ్లాను. గ్రహాలు అంత దూరాన ఉన్నాయి కదా అని కటకం వలయాన్ని అనంతం గుర్తుకు తిప్పి ఇరవై ఫొటోలు తీశాను. ఇరవైలోనూ ఒకే తెల్లని మచ్చ! "సార్, రెండు గ్రహాలన్నరు కదా, ఒక్కటే ఉందేంది?" అని ఒక అమ్మాయి అడిగింది. అవి మళ్లీ అంత దగ్గరగా కనిపించేది 2080లో!

తప్పు కెమెరాది కాదు, నాది. పాడవుతుందన్న భయంతో దానిని రెండేళ్లు బీరువాలో పెట్టి తాళం వేసింది నేనే.

అనంతం గుర్తును ఎందుకు నమ్మరాదు? చుక్కల నుంచి సమాంతరంగా వచ్చే కిరణాలు కటకం నాభి వద్ద కలుస్తాయని చదువుకున్నారు. ఆ చోటు వెంట్రుకవాసి తప్పినా బిందువు బిళ్ల అవుతుంది. వేడికి, చలికి కటకపు గొట్టం కొద్దిగా వ్యాకోచిస్తుంది, సంకోచిస్తుంది. అందుకే చాలా కటకాల్లో వలయం ఆ గుర్తును దాటి కూడా తిరుగుతుంది. చుక్క బింబం వ్యాసం 10 రెట్లు పెరిగితే వైశాల్యం 100 రెట్లవుతుంది. అదే కాంతి నూరు చోట్లకు పంచుకుపోతుంది. అంటే ఫొటో అందం చెడడమే కాదు, మసక చుక్కలు మాయమైపోతాయి!

మరి ఎలా చేయాలి? కెమెరాను ముక్కాలిపీటపై కదలకుండా బిగించండి. ఆటో ఫోకస్ ఆపేయండి. చీకట్లో అది తడబడుతుంది. చలికాలపు రాత్రి అన్నిటికంటే ప్రకాశవంతమైన సిరియస్ వైపు తిప్పి, తెరపై దాని బొమ్మను పెద్దది చేసి చూడండి. వలయాన్ని మెల్లగా తిప్పితే చుక్క చిన్నదవుతుంది, దాటిపోతే మళ్లీ ఉబ్బుతుంది. వెనక్కి వచ్చి, అతి చిన్నదైన చోట ఆపి, వలయానికి టేపు అంటించండి. ఇప్పుడు కృత్తికల వైపు, అంటే మన పిల్లలకోడి వైపు, తిప్పండి. వేలి అదురు తగలకుండా టైమరు పెట్టి, 50 మి.మీ. కటకంతో 5 సెకన్లు తీయండి. కంటికి ఆరేడు చుక్కలు కనిపించే చోట ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. రాత్రి చల్లబడ్డాక ఫోకస్ మళ్లీ చూడండి, కటకంపై మంచు పట్టిందేమో చూడండి. తెగిన పోగును చూసుకోకుండా మగ్గం నడిపితే బట్ట ఏమవుతుందో సిరిసిల్ల పిల్లలకు నేను చెప్పాలా?

"ఫోనే అన్నీ చూసుకుంటుంది, ఇదంతా ఎందుకు సార్?" అంటారు మీరు. ఫోను మంచిదే. కాని బొమ్మలో చుక్క ఎందుకు మాయమైందో అది మీకు చెప్పదు. మీ చేత్తో ఫోకస్ చేస్తే మీకే తెలుస్తుంది.

మన జగిత్యాల, సిరిసిల్ల నిజాం రాజ్యంలో ఉన్న కాలంలోనే, నవాబు జాఫర్ జంగ్ 1901లో స్థాపించిన హైదరాబాదు నిజామియా వేధశాల ప్రపంచ ఆకాశపట నిర్మాణంలో పాలుపంచుకుంది. 8 అంగుళాల కెమెరా దూరదర్శినితో గాజు పలకలపై ఫొటోలు తీసి, 7 లక్షల 60 వేలకు పైగా చుక్కల స్థానాలు ప్రకటించింది. ఫోకస్ కుదరని పలకపై కొలవడానికి ఏముంటుంది?

కాబట్టి నా అభిప్రాయం ఇది: బడిలో ఉన్న కెమెరా పిల్లల చేతిలో ఉండాలి. తోటి ఉపాధ్యాయులు పాడవుతుందంటారు. తాళంలో పెట్టినా వానాకాలంలో కటకానికి బూజు పడుతుంది! వాడి పాడైతే కనీసం ఒక పాఠం మిగులుతుంది. జగిత్యాల కోటను నక్షత్రం ఆకారంలో కట్టారు. మీకు కావలసింది మూలలున్న నక్షత్రం కాదు, సూదిమొనంత బిందువు. రేపే మీ సారును తాళం అడగండి. మా బడిలో తాళపుచెవి ఇప్పుడు తొమ్మిదో తరగతి లీడరు దగ్గర ఉంది.