టికెట్ ధర బయలుదేరే ఊరిది

అమెరికాలో పిల్లలున్న తెలుగిళ్లలో విమాన టికెట్ల మాట వస్తే చాలు, ఒక సలహా వెంటే వస్తుంది. ఇండియా సైటులో కొనవద్దు, అదే విమాన సంస్థ అమెరికా సైటు తెరవండి. లేదా వీపీఎన్ పెట్టుకుని టర్కీలోనో మలేషియాలోనో ఉన్నట్టు కనపడండి. అదే సీటు పది ఇరవై వేలు తక్కువకు వస్తుంది అని. ఇది సలహా స్థాయి దాటి నమ్మకంగా మారింది. యూట్యూబ్‌లో చెబుతున్నారు, వాట్సాప్‌లో పంపుకుంటున్నారు. ఆ సైట్లతో కుస్తీ పట్టలేని పెద్దవాళ్లు, తమకు తెలివి చాలక ఎక్కువ డబ్బు కట్టామని నొచ్చుకుంటున్నారు. వాళ్లు నొచ్చుకోవలసిన పనిలేదని, ఈ నమ్మకం చాలా వరకు తప్పని నా వాదన. ప్రయాణం ఏ ఊళ్లో మొదలవుతోంది, ఆ రోజు ఆ విమానంలో ఏ ధర సీట్లు ఎన్ని మిగిలాయి అనే రెండు ప్రశ్నలే ధరను నిర్ణయిస్తాయి. సైటు ఏ దేశానిదన్నది అరుదుగా తప్ప ఆ లెక్కలోకి రాదు.

విమాన చార్జీ ఎలా తయారవుతుందో చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. పెద్ద విమాన సంస్థల్లో చాలా వరకు తమ చార్జీలను 1965లో పుట్టిన ఏట్‌ప్కో అనే ఉమ్మడి సంస్థ దగ్గర దాఖలు చేస్తాయి. అక్కడి నుంచి అవి అమడియస్, సేబర్, ట్రావెల్‌పోర్ట్ వంటి బుకింగ్ వ్యవస్థలకు చేరతాయి. దాఖలయ్యే ప్రతి చార్జీకీ బయలుదేరే ఊరు, చేరే ఊరు, సీజను, ఎన్ని రోజుల ముందు కొనాలి, ఎన్ని రోజులు ఉండాలి అన్న షరతులుంటాయి. ఒక్కో చార్జీకి ఒక ఇంగ్లిషు అక్షరం గుర్తు. ఎకానమీ సీట్లన్నీ మన కంటికి ఒకటే అయినా, లోపల అవి ఈ అక్షరాల కింద పది పన్నెండు ధరలుగా విడిపోయి ఉంటాయి. చవక అక్షరంలో సీట్లు అయిపోతే పై అక్షరం తెరుచుకుంటుంది. చార్జీని సాధారణంగా ప్రయాణం మొదలయ్యే దేశపు కరెన్సీలో పెడతారు. వేర్వేరు కరెన్సీల చార్జీలను కలపవలసి వస్తే, 1989 నుంచి అమల్లో ఉన్న న్యూట్రల్ యూనిట్ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ అనే లెక్కల ప్రమాణంలోకి మార్చి కూడతారు. అంటే హైదరాబాదు నుంచి డాలస్ వెళ్లి తిరిగివచ్చే టికెట్‌ను అమెరికా సైటులో వెతికినా, యంత్రం సాధారణంగా తీసేది ఆ రూపాయల చార్జీనే. దాన్నే ఆనాటి మారకపు రేటుతో డాలర్లలోకి మార్చి చూపిస్తుంది. పన్నుల సంగతీ అంతే. మామూలు ప్రయాణికుడి విషయంలో మన జీఎస్టీ చట్టం చూసేది అతను విమానం ఎక్కే చోటు. బ్రిటన్ వసూలు చేసే ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ కూడా ఆ దేశపు విమానాశ్రయం నుంచి బయలుదేరినందుకే. టికెట్ ఎక్కడ కొన్నామన్నదానితో దానికి సంబంధం లేదు.

మరి ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? నా ఉద్దేశంలో దీని మూలం ఒక నిజమైన తేడాను తప్పుగా చదవడంలో ఉంది. డాలస్‌లో ఉన్న కొడుకు తను వచ్చి వెళ్లడానికి డాలస్–హైదరాబాద్–డాలస్ టికెట్ చూస్తాడు. తల్లిదండ్రుల కోసం హైదరాబాద్–డాలస్–హైదరాబాద్ చూస్తాడు. అవే విమానాలు, అవే సీట్లు, అయినా ధరలో పెద్ద తేడా. అమెరికా సైటులో చవక అన్న నిర్ధారణకు వచ్చేస్తాడు. కానీ ఆ రెండూ వేర్వేరు సరుకులు. అమెరికా యూనివర్సిటీలు ఆగస్టులో తెరుస్తారు గనుక జులై చివర, ఆగస్టు మొదట్లో శంషాబాద్ నుంచి బయలుదేరే విద్యార్థులతో ఇటునుంచి వెళ్లే సీట్లు నిండిపోతాయి. డిసెంబరు సెలవులకు అక్కడి నుంచి ఇక్కడికి వచ్చే కుటుంబాల రద్దీ ఉంటుంది. రద్దీ ఏ దిక్కు నుంచి మొదలైతే ఆ దిక్కు రానూపోనూ టికెట్‌కు రెక్కలొస్తాయి. ఆ కొడుకు డాలస్‌లో కూర్చునే ఇండియా సైటు తెరిచి తన టికెట్ వెతికితే, దాదాపు అదే చవక ధర రూపాయల్లో కనిపిస్తుంది. పోనీ, చవకగా ఉన్న డాలస్ టికెట్ కొని అమ్మానాన్నలను మధ్యలోంచి ఎక్కించవచ్చా అంటే కుదరదు. టికెట్‌లోని ప్రయాణాలను వరుసగా వాడాలన్నది దాదాపు అన్ని పెద్ద సంస్థల షరతు. మొదటిది వదిలేస్తే మిగిలినవి రద్దవుతాయి.

కళ్లారా చూశాం, ఒకే టికెట్‌కు రెండు సైట్లలో రెండు ధరలున్నాయి అనేవాళ్లు ఉంటారు. చూసి ఉంటారు, కాదనను. అయితే ఏం చూశారో నిదానంగా పరిశీలించాలి. ఒక సైటు చూపే మొదటి ధరలో పెట్టె చార్జీ కలిసి ఉండకపోవచ్చు, రెండోదానిలో ఉండవచ్చు. ఒకదానిలో సీటు ఎంపిక, తేదీ మార్పు కలిసి ఉండవచ్చు. రెండు వెతుకులాటల మధ్య గడిచిన పావుగంటలో చవక అక్షరపు ఆఖరి సీటు అమ్ముడుపోయి ఉండవచ్చు. ఇవన్నీ తీసేశాక మిగిలేది సాధారణంగా మారకపు రేటు తేడా. దాన్ని కార్డు తినేస్తుంది. లక్ష రూపాయల టికెట్ విదేశీ సైటులో రెండు వేలు తక్కువకు వచ్చిందనుకుందాం. మన క్రెడిట్ కార్డుల్లో చాలావాటికి విదేశీ కరెన్సీ చెల్లింపుపై 3.5 శాతం దాకా మార్కప్ ఉంటుంది. 98 వేల మీద అది 3,430 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ మరో 617. రెండు వేలు మిగిల్చుకోవడానికి నాలుగు వేలు కట్టామన్నమాట. టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు ఏ రేటుకు తిరిగివస్తుందో ముందే చెప్పగలిగేవారు లేరు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది, దానికి నిజాయితీగా జవాబు చెప్పాలి. అమ్మే దేశాన్ని బట్టి ధర మారిన సందర్భాలు నిజంగా ఉన్నాయి. వెనిజులాలో ప్రభుత్వం డాలరుకు కృత్రిమమైన రేటు కట్టినప్పుడు, స్థానిక బొలివార్లలో కొన్న టికెట్ బయటి లెక్కలో కారుచవక. ఆ అమ్మకాల సొమ్మును విమాన సంస్థలు డాలర్లుగా బయటికి తెచ్చుకోలేకపోయాయి. 2014 నాటికి దాదాపు 400 కోట్ల డాలర్లు అక్కడ చిక్కుకున్నాయి. ఎయిర్ కెనడా అదే ఏడాది సర్వీసు ఆపింది, లుఫ్తాన్సా 2016లో ఆపింది. నైజీరియాలో 2022, 2023ల్లో ఇదే చిక్కు తిరగబడి వచ్చింది. సొమ్ము ఇరుక్కుపోతోందని విమాన సంస్థలు ఆ దేశంలో అమ్మే చవక టికెట్లను మూసేశాయి. ఒకే ప్రయాణానికి లాగోస్‌లో కొన్నవాడు, బయట కొన్నవాడికంటే ఎక్కువ కట్టాడు. 2022లో ఎమిరేట్స్ ఆ దేశానికి విమానాలే ఆపేసింది. ఈ రెండు ఉదాహరణలూ ఒకే సంగతి చెబుతున్నాయి. దేశాల సైట్ల మధ్య పెద్ద తేడా వచ్చిందంటే అక్కడి కరెన్సీ వ్యవస్థ దెబ్బతిన్నదని అర్థం. దానికి మూల్యం చెల్లించింది ఆ దేశపు ప్రజలు. రూపాయికి ఇప్పుడు అలాంటి స్థితి లేదు.

కొనేవాడి దేశాన్ని బట్టి ధర మార్చడాన్ని ఆపడానికి యూరప్ చట్టం దారి పట్టింది. అక్కడి 1008/2008 నిబంధన 23వ అధికరణం ప్రకారం, యూరోపియన్ యూనియన్ విమానాశ్రయాల నుంచి బయలుదేరే ప్రయాణాలకు అందరికీ అమ్మే చార్జీల విషయంలో కొనేవాడి పౌరసత్వాన్నో నివాసాన్నో చూసి వివక్ష చూపకూడదు. ఇలాంటి చట్టం అవసరమైందంటే వివక్ష ఉందనేగా అని అడగవచ్చు. ఉంది. అయితే వివక్షను చట్టంతో ఆపడం ఒక పద్ధతి, ప్రతి ప్రయాణికుడూ తను ఉన్న దేశం గురించి అబద్ధం చెప్పి తప్పించుకోవడం ఇంకో పద్ధతి. మొదటిది అందరినీ కాపాడుతుంది. రెండోది వీపీఎన్ వాడడం చేతనైనవాళ్లను మాత్రమే కాపాడగలదు, అదీ కాపాడితే.

దీనికి తోబుట్టువైన మరో నమ్మకం, మనం పదేపదే వెతికితే సైటు మన ఆత్రం కనిపెట్టి ధర పెంచుతుందన్నది. ఒక పెద్ద అమెరికన్ విమాన సంస్థ లోపలి లెక్కలను అలీ హోర్తాచ్సు, కెవిన్ విలియమ్స్ తదితర ఆర్థికవేత్తలు పరిశీలించారు. ఒక విభాగం ముందే పెట్టిన ధరల పట్టిక నుంచి, ఇంకో విభాగం మిగిలిన సీట్లను బట్టి ఒక ధర ఎంచుతోందని, ఆ రెండింటి మధ్య సమన్వయం కూడా సరిగా లేదని వాళ్లు చూపారు. వెతికేవాడి ఆత్రం ఆ లెక్కలో లేదు. రేపు ఇది మారవచ్చు. డెల్టా సంస్థ తన దేశీయ చార్జీల్లో కొంత భాగాన్ని కృత్రిమ మేధతో నిర్ణయిస్తున్నామని 2025లో చెప్పింది, మనిషిని బట్టి ధర పెట్టడం లేదని సెనేటర్లకు రాసిచ్చింది. ఆ మాట మీద నిఘా పెట్టవలసింది ప్రభుత్వాలు.

ఈ నమ్మకాల మీద నాకు కోపం రావడానికి అసలు కారణం ఇక్కడుంది. ధర ఎక్కువైతే తప్పు మన వెతుకులాటలో ఉందని అవి మనకు నేర్పుతున్నాయి. జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల నుంచి దుబాయ్ వెళ్లే కార్మికుడు పండగ సీజనులో కట్టే చార్జీ ఎందుకంత ఎక్కువ? భారత్, దుబాయ్‌ల మధ్య ఒక్కో వైపు విమానాలు వారానికి ఎన్ని సీట్లు నడపవచ్చో ప్రభుత్వాల ఒప్పందం హద్దు పెట్టింది. 2014లో పెంచాక అది సుమారు 65 వేలకు చేరింది. ఎమిరేట్స్ పదేపదే అడిగినా ఆ తరువాతి పదేళ్లూ దాదాపు అక్కడే ఉండిపోయింది. మన విమాన సంస్థలను కాపాడుకోవాలన్న వాదనకు బలం లేకపోలేదు. కానీ ఆ రక్షణ ఖర్చులో కొంత మోస్తున్నది కూలి డబ్బుతో టికెట్ కొనేవాడు, అతనికి ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు. ఏ దేశపు సైటు తెరిచినా ఆ సీట్లు పెరగవు. వాటిని పెంచగలిగింది ఢిల్లీలోని పౌర విమానయాన శాఖ. అడగవలసిన చోటు అది.